ఇంజిన్ ఆయిల్ నాణ్యత వేళ్లకు అందదు

ఏ మెకానిక్ షెడ్డుకు వెళ్లినా ఒక పరీక్ష కనిపిస్తుంది. ఇంజిన్‌లోంచి డిప్‌స్టిక్ లాగి, దాని కొసన అంటిన ఆయిల్‌ను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తారు. జిగట తగ్గితే ఆయిల్ పోయిందని, నల్లబడితే మార్చాల్సిందేనని, వేళ్ల మధ్య తీగలా సాగితే ఇంకొన్నాళ్లు తోలొచ్చని తేల్చేస్తారు. కొత్త డబ్బా కొనేటప్పుడూ అదే ధోరణి. చిక్కగా ఉన్నది బలమైనది, బంగారు రంగులో మెరిసేది మంచిది, ధర ఎక్కువున్నది ఇంకా మంచిది. చేతి అనుభవాన్ని తక్కువ చేయనక్కర్లేదు. చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పగల మెకానిక్‌లు మన ఊళ్లలో కొల్లలు. కానీ ఆయిల్ విషయంలో మాత్రం కంటికీ వేలికీ దొరికే గుర్తులు అసలు సంగతికి చాలా దూరం. ఆయిల్ పనితనం ప్రయోగశాలలోనే తేలుతుంది. అయితే ఆ పరీక్షలను ఎందుకు నమ్మాలన్నది వేరే ప్రశ్న. అక్కడ ఖరీదైన యంత్రాలున్నాయి కాబట్టి నమ్మాలనడం సరైన జవాబు కాదు. ఈ పరీక్షల చరిత్ర చూస్తే, ముఖ్యమైన పరీక్షల్లో చాలావాటి వెనక రోడ్డు మీదో పొలంలోనో పాడైపోయిన ఇంజిన్లు ఉన్నాయి. ఆ నష్టం మళ్లీ జరగకుండా చూసేందుకు పుట్టిన పరీక్షలు గనకే వాటికి విలువ.

ముందుగా ఆయిల్ చేసే పనేమిటో చూడాలి. జారుడుతనం ఇవ్వడం అందులో ఒకటి మాత్రమే. పిస్టన్ అడుగుభాగం నుంచి, బేరింగుల నుంచి వేడిని మోసుకుపోవాలి. ఇంధనం మండగా పుట్టే మసిని ఒకచోట పేరుకోనివ్వకుండా తనలోనే చెదరగొట్టి ఉంచాలి. మండటంలో పుట్టే ఆమ్లాలను విరగ్గొట్టాలి. లోహం తుప్పు పట్టకుండా చూడాలి, నురగ కట్టకూడదు, వేడికి ఆవిరై పోకూడదు. ఇన్ని పనులు ఒక్క మూల నూనె వల్ల కావు. డబ్బాలో ఉండేదానిలో సాధారణంగా నాలుగింట మూడొంతులకు పైగా మూల నూనె, మిగతాది రసాయనాల మిశ్రమం. ఆ రసాయనాలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. అరుగుదలను ఆపే జింకు, భాస్వరం సమ్మేళనాన్నే తీసుకోండి. దశాబ్దాలుగా క్యామ్‌లను కాపాడుతున్నది అదే. కానీ దానిలోని భాస్వరం పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే కార్ల ఆయిల్‌లో భాస్వరం 0.08 శాతం మించకూడదని అమెరికా, జపాన్ కార్ల తయారీదారుల ఉమ్మడి ప్రమాణం గీత గీసింది, 0.06 కంటే తగ్గకూడదని కూడా చెప్పింది. ఒక గుణాన్ని పెంచబోతే మరొకటి దెబ్బతినే ఇలాంటి మిశ్రమానికి ‘మంచి ఆయిల్’ అని ఒకే ఒక్క కొలతతో ముద్ర వేయడం కుదరదు.

కొలతల్లో అందరికీ తెలిసింది చిక్కదనం. డబ్బా మీద 20డబ్ల్యూ-40 అనో, 10డబ్ల్యూ-30 అనో రాసి ఉండేది దాని గురించే. ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ 1911లోనే ఆయిళ్లను చిక్కదనం ప్రకారం వర్గాలుగా విడదీసింది. ఇప్పటి లెక్కలో రెండో అంకె 100 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గరి చిక్కదనాన్ని చెబుతుంది. ఆ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల మధ్య ఉంటే 30, 12.5 నుంచి 16.3 మధ్య ఉంటే 40. మామూలు వేడిలో నీళ్ల చిక్కదనం ఈ లెక్కన సుమారు 1. వేలి పరీక్ష ఇక్కడే ఓడిపోతుంది. వేళ్లు ఆయిల్‌ను చూసేది 30, 35 డిగ్రీల దగ్గర. ఇంజిన్‌లో అది పనిచేసేది 100 డిగ్రీల దగ్గర, బేరింగుల్లో అయితే 150 దాకా. వేడెక్కినప్పుడు అన్ని ఆయిళ్లూ ఒకే తీరున పలచబడవు. 1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు ఈ తేడాను కొలవడానికి ఒక సూచికను తయారుచేశారు. వేడికి తక్కువగా పలచబడే పెన్సిల్వేనియా నూనెకు 100, ఎక్కువగా పలచబడే గల్ఫ్ తీరపు నూనెకు 0 ఇచ్చి, మిగతావాటిని వాటితో పోల్చారు. నేటి మేలురకం ఆయిళ్లు ఆ నూరును ఎప్పుడో దాటేశాయి.

పైగా ఇప్పటి ఆయిల్‌లో పొడవాటి పాలిమర్ అణువులు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని, వేడెక్కినప్పుడు విచ్చుకుని చిక్కదనం పడిపోకుండా ఇవి ఆపుతాయి. చిక్కేమిటంటే, షాఫ్టుకూ బేరింగుకూ నడుమ మైక్రాన్ల సందులో ఆయిల్ అతివేగంగా నలిగేటప్పుడు ఈ అణువులు ప్రవాహం వెంట సాగిపోతాయి, చిక్కదనం ఆ క్షణానికి తగ్గిపోతుంది. కాబట్టి 150 డిగ్రీల దగ్గర, సెకనుకు పది లక్షల చొప్పున కోత పడే స్థితిలో మరో కొలత తీస్తారు. 30 గ్రేడు ఆయిల్‌కు అక్కడ కనీసం 2.9 సెంటీపాయిజ్‌లు ఉండాలి. ఆ అణువులు శాశ్వతంగా తెగిపోతాయేమో తెలుసుకోవడానికి ఆయిల్‌ను డీజిల్ ఇంజెక్టర్ సన్నని రంధ్రాల గుండా 30 సార్లో, 90 సార్లో బలవంతంగా తోసి, ఆ తరవాత చిక్కదనం ఎంత మిగిలిందో చూస్తారు. మన మోటార్‌సైకిళ్లకు ఇది మరీ ముఖ్యం. చాలా బైకుల్లో గేర్‌బాక్సుకూ ఇంజిన్‌కూ ఒకటే ఆయిల్. గేరు పళ్ల మధ్య నలిగే ప్రతిసారీ ఈ అణువులు కొన్ని తెగిపోతాయి. డబ్బాలో 40గా ఉన్నది కొన్ని వేల కిలోమీటర్లకే 30గా మారిపోతే, కొత్త ఆయిల్ వేళ్ల మధ్య తీగలా సాగినందుకు ఒరిగేదేమీ లేదు.

‘మన ఎండలకు చిక్కటి ఆయిలే పొయ్యాలి, ఈ పలచటి ఆయిళ్లు చలిదేశాలకు’ అనే వాదన ఇక్కడ వస్తుంది. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎండ తెలిసినవాళ్లకు అది సహజంగానే తోస్తుంది. కానీ బయట 45 డిగ్రీలున్నా, 25 డిగ్రీలున్నా నీటితో చల్లబడే కారు ఇంజిన్‌ను థర్మోస్టాట్ దాదాపు ఒకే వేడిలో ఉంచుతుంది. ఆయిల్‌ను పరీక్షించేదే 100, 150 డిగ్రీల దగ్గర కాబట్టి మన ఎండ ఆ లెక్కలోకి ముందే వచ్చేసింది. గాలితో చల్లబడే బైకు ఇంజిన్ సంగతి కొంత వేరు, బయటి వేడి దాన్ని నిజంగానే తాకుతుంది. అందుకే కొన్ని బైకుల మాన్యువల్లో ఏ వాతావరణంలో ఏ గ్రేడు వాడాలో పట్టిక ఇస్తారు. ఆ పట్టికను కాదని ఇంకా చిక్కటిది పోస్తే, పొద్దున బండి స్టార్ట్ చేసిన తొలి సెకన్లలో ఆయిల్ పైనున్న క్యామ్ దాకా చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ తగ్గుతుంది. ఇంజిన్‌లోని సందులను ఒక గ్రేడును దృష్టిలో పెట్టుకునే చెక్కుతారు. ఆ సందులకు ఏది సరిపోతుందో చెక్కినవాళ్లకే బాగా తెలుసు.

పరీక్షలు ఎలా పుడతాయో తెలుసుకోవాలంటే అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రం, సూ ఫాల్స్ నగరం వైపు చూడాలి. 1980-81 చలికాలంలో అక్కడ చాలా కార్ల ఇంజిన్లు ఉన్నట్టుండి పాడయ్యాయి. స్టార్టర్ తిప్పితే ఇంజిన్ తిరిగింది, అంటుకుంది, కానీ ఆయిల్ పంపు దాకా ఆయిల్ పారలేదు. పొడి బేరింగుల మీద తిరిగి ఇంజిన్లు నాశనమయ్యాయి. ఆ ఆయిళ్లు అప్పటి చలి పరీక్షలన్నీ నెగ్గినవే. మరి తప్పు ఎక్కడ జరిగింది? పరీక్షలో ఆయిల్‌ను త్వరగా చల్లబరిచేవారు. సూ ఫాల్స్‌లో మాత్రం చలి మెల్లగా, కొన్ని నిర్దిష్టమైన ఉష్ణోగ్రతల గుండా గంటల తరబడి దిగింది. అలా నెమ్మదిగా దిగినప్పుడు ఆయిల్‌లోని మైనం సన్నని స్ఫటికాల వలగా అల్లుకుని మొత్తాన్ని జెల్లీలా పట్టేసింది. పంపు తన నోటి దగ్గరున్న కాస్త ఆయిల్‌ను పీల్చుకుంది, చుట్టూ ఉన్నది జరిగి ఆ గుంతలోకి రాలేదు, ఆపై పంపు గాలిని పీల్చింది. అదే ఆయిల్‌ను త్వరగా చల్లబరిస్తే ఆ వల అల్లుకోదు. అంటే ల్యాబ్‌లో నెగ్గడానికీ రోడ్డు మీద ఓడడానికీ మధ్య ఉన్న తేడా చలి ఎంత అన్నది కాదు, ఎంత వేగంతో దిగిందన్నది. ఆ తరవాత వచ్చిన పరీక్షలో నమూనాను 80 డిగ్రీలకు వేడిచేసి, 45 గంటలకు పైగా, లెక్క ప్రకారం మెల్లగా చల్లబరిచి, అప్పుడు అది పారుతుందో లేదో చూస్తారు. నేడు డబ్బా మీద చలిలో తీరును చెప్పే ‘డబ్ల్యూ’ పక్కన అంకె వేయాలంటే ఈ పరీక్ష దాటాల్సిందే. ప్రయోగశాల ఒకసారి తప్పుచెప్పిందని ఈ ఉదాహరణతో ఎవరైనా వాదించవచ్చు. నిజమే, చెప్పింది. ఆ తప్పును వెతికి పట్టుకుని దాని చుట్టూ కొత్త పరీక్షను కట్టగలిగింది కూడా ప్రయోగశాలే. వేలి పరీక్షకు ఆ వీలు లేదు, అది ఎక్కడ తప్పిందో చూపించే లెక్క ఏదీ మిగలదు.

చిక్కదనం సరిగ్గా ఉన్నంతమాత్రాన ఆయిల్ మంచిదైపోదు. అరుగుదలను ఎంత ఆపుతుంది, ఎంతకాలం మడ్డి కట్టకుండా ఉంటుంది అన్నవి వేరే సంగతులు. దీన్ని చిన్న యంత్రాలతో తేల్చాలన్న ఆశ పాతదే. బాగా పేరున్నది నాలుగు గోళీల పరీక్ష. మూడు ఉక్కు గోళీలను ఆయిల్‌లో కదలకుండా బిగించి, నాలుగోదాన్ని వాటిపై ఆనించి, నిర్ణీత బరువుతో నిమిషానికి 1200 చుట్లు చొప్పున గంటసేపు తిప్పుతారు. గోళీల మీద పడిన అరుగు మచ్చ వెడల్పును సూక్ష్మదర్శినితో కొలుస్తారు. కొత్త రసాయనాలను వడగట్టడానికి ఇది పనికొస్తుంది. అయితే సంతల్లో, ఎగ్జిబిషన్లలో, ఇప్పుడు వీడియోల్లో కనిపించే అమ్మకపు ప్రదర్శనలు ఇలాంటి యంత్రాన్నే వాడుకుంటాయి. తిరిగే చక్రానికి ఒక బేరింగును లీవరుతో నొక్కి, మామూలు ఆయిల్‌లో ఆగిపోయిన చక్రం తమ సీసాలోని చుక్క వేయగానే తిరుగుతోందని చూపిస్తారు. క్లోరిన్ ఉన్న పారాఫిన్ రసాయనాలు అలాంటి విపరీతమైన ఒత్తిడిలో నిజంగానే బాగా పనిచేస్తాయి. అదే క్లోరిన్ ఇంజిన్‌లో వేడికీ తేమకూ ఆమ్లంగా మారి బేరింగులను తినేస్తుంది. చక్రం పరీక్ష రెండు నిమిషాల్లో ముగుస్తుంది కాబట్టి ఆ ఆమ్లం చూపించే వేళకు అమ్మకం పూర్తయి ఉంటుంది. ఒక్క గుణాన్ని మిగతావాటి నుంచి విడదీసి చూపే పరీక్ష ఏదైనా ఈ విధంగా మోసపోవడానికి వీలిస్తుంది.

అందుకే చివరి తీర్పు అసలు ఇంజిన్‌లోనే జరగాలన్న నిర్ణయానికి పరిశ్రమ చాలా ముందే వచ్చింది. 1930లలో కాటర్‌పిల్లర్ కంపెనీ డీజిల్ ట్రాక్టర్లలో పిస్టన్ రింగులు మసికి పట్టేసి బిగుసుకుపోయేవి. రైతుల పొలాల్లో బండ్లు ఆగిపోయాయి. శుభ్రపరిచే రసాయనం కలిపిన డీజిల్ ఆయిల్ 1935లో కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ నుంచి వచ్చింది. ఏ ఆయిల్ రింగులను శుభ్రంగా ఉంచుతుందో తేల్చడానికి కాటర్‌పిల్లర్ ఒక్క సిలిండర్ ఇంజిన్‌ను 480 గంటలు నడిపే పరీక్షను రూపొందించింది. నేటి ఇంజిన్ పరీక్షలకు పూర్వరూపాల్లో అదొకటి. ఇప్పుడు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వర్గాలు ‘ఎస్‌పి’ వంటివి డబ్బా మీద కనబడాలంటే ఒకటి కాదు, ఇంజిన్ పరీక్షల వరస మొత్తం దాటాలి. 3హెచ్ అనే పరీక్షలో క్రైస్లర్ వి6 ఇంజిన్‌ను ఆయిల్ 151 డిగ్రీల వేడిలో ఉండగా 90 గంటలు నడుపుతారు. ముగిశాక ఆయిల్ చిక్కదనం మొదటిదానికి రెట్టింపు దాటి పెరగకూడదు. పిస్టన్ల మీది మసిపూతకు పదికి ఇన్ని మార్కులని వేస్తారు. పది అంటే పూర్తిగా శుభ్రం. ఎస్‌పికి కనీసం 4.2 రావాలి. క్యామ్ అరుగుదల కోసం టొయోటా 1.5 లీటర్ ఇంజిన్ 200 గంటలు నడుస్తుంది. మడ్డి కోసం ఫోర్డ్ వి8 ఇంజిన్ 216 గంటలు నడుస్తుంది. ఈ మడ్డి పరీక్ష గురించి మన నగరవాసులు తప్పక తెలుసుకోవాలి. ఇందులో ఇంజిన్‌ను కావాలనే చాలాసేపు చల్లగా ఉంచి, మధ్యమధ్య వేడెక్కించి, మళ్లీ నెమ్మదింపజేస్తారు. అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గరో, బెంజ్ సర్కిల్ దగ్గరో ఆగి ఆగి కదిలే కారు ఆయిల్‌కు పడే కష్టం అదే. హైవే మీద ఏకధాటిగా పోయే కారు కంటే, రోజూ నాలుగు కిలోమీటర్లు ఆఫీసుకు పోయి ఆగే కారులోనే మడ్డి ఎక్కువ కడుతుంది. ఇంజిన్ సరిగా వేడెక్కక, తేమా పచ్చి పెట్రోలూ ఆయిల్‌లోనే ఉండిపోవడం దానికి కారణం.

పిస్టన్లకు మార్కులు వేసేది శిక్షణ పొందిన మనిషి కన్నే అని తెలిస్తే కొందరికి అనుమానం రావచ్చు. ‘మెకానిక్ కంటిని నమ్మొద్దని, ల్యాబ్ మనిషి కంటిని నమ్మమంటారా?’ ఇది గట్టి ప్రశ్నే. తేడా కంటిలో లేదు, కంటికి పెట్టిన కట్టుబాటులో ఉంది. రంగునూ పూత మందాన్నీ పోల్చడానికి ప్రామాణిక పటాలున్నాయి. మార్కులు వేసేవాళ్లు ఎప్పటికప్పుడు ఒకచోట చేరి అవే భాగాలకు విడివిడిగా మార్కులు వేసి, తమ మధ్య తేడాను సరిచూసుకుంటారు. అంతకంటే ముఖ్యమైనది ప్రామాణిక ఆయిళ్ల ఏర్పాటు. అమెరికాలో ఈ పరీక్షలపై నిఘా ఉంచే కేంద్రం ఒకటుంది. గుణం ముందే తెలిసిన ఆయిళ్లను అది కోడ్ నంబరు మాత్రమే వేసి ల్యాబులకు పంపుతుంది. అది ఏ ఆయిలో ల్యాబుకు తెలియదు. మంచి ఆయిల్‌ను మంచిదని, నాసిరకాన్ని నాసిదని ఆ ల్యాబులోని ఇంజిన్ చెప్పగలిగితేనే దాని మీద చేసే పరీక్షలు లెక్కలోకి వస్తాయి. ఫలితం గీత దాటి పక్కకు పోతే ఆ స్టాండు మీద పని ఆగిపోతుంది. తన తీర్పును తానే ఇలా పరీక్షకు పెట్టుకునే పద్ధతి వేలి నిర్ణయంలో ఎక్కడా లేదు.

డబ్బు సంగతీ మాట్లాడాలి. ఒక్కో ఇంజిన్ పరీక్షకు పదుల లక్షల రూపాయల ఖర్చు. కట్టేది ఆయిల్ కంపెనీయో, రసాయనాల కంపెనీయో. అలాంటప్పుడు పదిసార్లు ఓడి పదకొండోసారి నెగ్గిన ఫలితాన్నే చూపించవచ్చు కదా? సరిగ్గా దీన్ని ఆపడానికే అమెరికా రసాయన పరిశ్రమ 1992లో ఒక నియమావళి తెచ్చింది. పరీక్ష మొదలుపెట్టకముందే దాన్ని నమోదు చేయాలి. మొదటిసారి నెగ్గితే సరే. రెండోసారి చేయాల్సివస్తే రెండింటి సగటు నెగ్గాలి. మూడు, అంతకుమించి చేస్తే ఒక్క ఫలితాన్ని మాత్రమే పక్కనపెట్టి మిగతావాటి సగటు చూపాలి. ఓటములను దాచిపెట్టే దారి ఇలా చాలావరకు మూసుకుపోయింది. పూర్తిగా మూసుకుపోయిందని నేను అనను. ప్రతి గ్రేడునూ, ప్రతి మూల నూనెనూ విడివిడిగా పరీక్షించాలన్న నిబంధన లేదు. ఒక మిశ్రమం ఫలితాన్ని దగ్గరి మిశ్రమానికి వర్తింపజేసుకునే వీలు కొన్ని షరతులతో ఇచ్చారు. ఆ షరతులు ఎంత కట్టుదిట్టంగా అమలైతే డబ్బా మీది అక్షరాలకు అంత బలం. అయినా ఈ నియమాల్లో ఏదీ లేని ‘ప్రత్యేక ఫార్ములా’ సీసాతో పోలిస్తే, లోపాలతో కూడిన ఈ ఏర్పాటే ఎన్నో రెట్లు నమ్మదగ్గది.

గత పదిహేనేళ్లలో జరిగిన ఒక సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మైలేజీ కోసం కార్ల కంపెనీలు ఇంజిన్లను చిన్నవి చేసి టర్బో తగిలించాయి, పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మడం మొదలుపెట్టాయి. ఈ ఇంజిన్లలో ఒక వింత విస్ఫోటనం బయటపడింది. తక్కువ వేగంలో, ఎక్కువ బరువు లాగుతున్నప్పుడు, స్పార్కు పడకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్లను పగలగొట్టేది. కారణాలు వెతకగా ఆయిల్ దగ్గరికి వచ్చి ఆగారు. ఆయిల్ చుక్కలు మంటగదిలోకి చేరి నిప్పు రాజేస్తున్నాయి. మరీ ఆశ్చర్యం ఏమిటంటే, ఆ ధోరణిని పెంచుతున్నది క్యాల్షియం ఆధారిత శుభ్రకారి. ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచుతుందని, ఆమ్లాలను విరగ్గొడుతుందని దశాబ్దాల పాటు పేరు తెచ్చుకున్న రసాయనమది. పాత పరీక్షలన్నిటిలోనూ మంచి మార్కులతో నెగ్గిన ఆయిల్ కొత్త ఇంజిన్‌కు ప్రమాదకారి అయింది. దీనికోసం పుట్టిన సీక్వెన్స్ 9 పరీక్షలో ఫోర్డ్ 2 లీటర్ టర్బో ఇంజిన్‌ను 1,75,000 దహన చక్రాల చొప్పున నాలుగు విడతలు నడిపి, ముందస్తు మంటలు ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు. విడతకు సగటున ఐదు మించకూడదు. క్యాల్షియంలో కొంత భాగాన్ని మెగ్నీషియంతో మార్చి ఆయిల్ తయారీదారులు ఈ గీతలోపలికి వచ్చారు. 2018లో దీనికోసం ఒక అదనపు గుర్తు వచ్చింది, 2020 మేలో వచ్చిన ఎస్‌పి వర్గంలో అది భాగమైంది. చిన్న టర్బో పెట్రోలు కార్లు మన రోడ్ల మీద కూడా ఇప్పుడు బాగా తిరుగుతున్నాయి. ‘ఇరవయ్యేళ్లుగా ఇదే ఆయిల్ పోస్తున్నా, ఏ తేడా రాలేదు’ అనే మాట పాత ఇంజిన్‌కు నిజం కావచ్చు. కొత్త ఇంజిన్‌కు ఆ అనుభవం సాక్ష్యంగా నిలబడదు.

ద్విచక్ర వాహనాల కథ దీనికి మరోవైపు. కార్ల ఆయిల్‌లో మైలేజీ కోసం రాపిడి తగ్గించే రసాయనాలు పెరిగాయి. కారుకు అవి మేలే. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. అక్కడ రాపిడి తగ్గితే ప్లేట్లు పట్టు తప్పి జారుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. జపాన్ ప్రమాణాల సంస్థ జాసో 1998లో మోటార్‌సైకిళ్లకు ప్రత్యేక ప్రమాణం తెచ్చింది. పరీక్షలో క్లచ్ ప్లేట్లను ఆయిల్‌లో తిప్పి, ఆపి, ఎంత పట్టుందో, ఆగడానికి ఎంతసేపు పట్టిందో కొలుస్తారు. ఆ కొలతను గుణం తెలిసిన ప్రామాణిక ఆయిళ్లతో పోల్చి ఎంఏ, ఎంఏ1, ఎంఏ2, ఎంబి అని వర్గీకరిస్తారు. పట్టు ఎక్కువుండేది ఎంఏ2. ఎంబిలో రాపిడి తక్కువ, ఆయిల్‌లో మునగని క్లచ్ ఉన్న స్కూటర్లకు అది సరిపోతుంది. కారులో మిగిలిన ఖరీదైన ఆయిల్‌ను బైకులో పోసేవాళ్లు, స్కూటర్ ఆయిల్‌నూ బైకు ఆయిల్‌నూ ఒకటే అనుకునేవాళ్లు డబ్బా మీద చూడాల్సింది ఈ రెండు మూడు అక్షరాలే. ఇక్కడ ధర, బ్రాండు, రంగు వేటికీ ప్రమేయం లేదు.

‘మన దుమ్ము, మన గుంతలు, మన పెట్రోలు ఆ ల్యాబులో ఉన్నాయా?’ అన్నది మిగిలిన అభ్యంతరాల్లో బలమైనది. కొంత ఉంది, కొంత లేదు. మన దగ్గర పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమను పట్టుకుంటుంది, చిన్న ప్రయాణాల్లో అది ఆయిల్‌లోకి దిగుతుంది. ఇథనాల్ ఎక్కువున్న ఇంధనాన్నీ నీటినీ ఆయిల్‌లో పదేసి శాతం చొప్పున కలిపి, చిలికి, 24 గంటలు ఉంచి, నీరు విడిపోయి అడుక్కి చేరుతుందేమో చూసే పరీక్ష 2010 నుంచే కార్ల ఆయిల్ ప్రమాణంలో ఉంది. దుమ్ము సంగతి వేరు. ఎయిర్ ఫిల్టర్ చినిగితే లోపలికి వచ్చే ఇసుకను ఏ ఆయిలూ ఆపలేదు, ఏ డబ్బా మీది అక్షరమూ దానికి హామీ ఇవ్వదు. అక్కడ పనికొచ్చేది వాడిన ఆయిల్‌ను పరీక్షించడం. ఆయిల్ చుక్కను మండించి, ఆ వెలుగును విడదీసి, అందులో ఏ లోహం ఎంత ఉందో పది లక్షల్లో భాగాల లెక్కన చెప్పవచ్చు. ఇనుము పెరిగితే సిలిండరో క్యామో అరుగుతోంది, రాగి, సీసం పెరిగితే బేరింగు, సిలికాన్‌తో పాటు అల్యూమినియం, ఇనుము పెరిగితే దుమ్ము దూరింది. అమెరికాలో డెన్వర్, రియో గ్రాండ్ రైల్వే 1946లో ఈ దారి పట్టింది. కాజీపేట, గుంతకల్లు వంటి మన డీజిల్ షెడ్లలోనూ లోకో ఇంజిన్ ఆయిల్‌ను ఇలా పరీక్షించి, ఇంజిన్ విప్పకుండానే జబ్బు పసిగట్టడం రైల్వేల పద్ధతి. నల్లరంగు గురించి ఈ పరీక్ష ఒక అపోహను పూర్తిగా తుడిచేస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో పోసిన ఆయిల్ కొన్ని గంటల్లోనే నల్లబడుతుంది, మసిని పట్టి తనలో చెదరగొట్టి ఉంచుతోందని దానర్థం. ఎంత నడిచినా నల్లబడని ఆయిల్ మసిని ఎక్కడో పిస్టన్ మీద వదిలేసి ఉండవచ్చు. పదుల సంఖ్యలో లారీలో, వరికోత యంత్రాలో ఉన్నవాళ్లు నిర్ణీత గంటలకొకసారి నమూనా పంపించుకోవడం, ఒక ఇంజిన్ బోరుకొచ్చినప్పుడు పెట్టే ఖర్చుతో చూస్తే చాలా చిన్నపని.

పరీక్షల గురించి ఇంత చెప్పాక, వాటికి చేతకాని పని ఒకటి మిగిలే ఉంది. పరీక్ష నెగ్గింది కంపెనీ నమూనా. కొనేవాడి చేతికొచ్చేది దుకాణంలోని డబ్బా. పాత ఆయిల్‌ను వడగట్టి, రంగు వేసి, పేరున్న బ్రాండు డబ్బాల్లో నింపి అమ్మేవాళ్లు ఉన్నంతకాలం ఆ రెండింటికీ మధ్య గండి ఉంటుంది. ఈ గండిని పూడ్చే మార్గమూ పరీక్షే. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ తన గుర్తు వేసుకున్న ఆయిళ్లను తానే దుకాణాల్లో కొని, ల్యాబులో పెట్టి, లేబుల్‌కు సరితూగుతున్నాయో లేదో చూస్తుంది. మన దగ్గర దానికి కావాల్సిన సామర్థ్యం లేక కాదు. డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థ 1960లోనే ఏర్పడింది, ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం 1972 నుంచి ఉంది. దుకాణాల నుంచి కొన్న డబ్బాల ఫలితాలను బ్రాండు పేరుతో సహా క్రమం తప్పకుండా ప్రజల ముందు పెట్టాలి. ఈ డిమాండు వాహనదారుల నుంచి గట్టిగా రావాలి. అంతవరకూ కొనేవాళ్ల చేతిలో ఉన్నవి కొన్నే. మాన్యువల్‌లో రాసిన గ్రేడు, వర్గం అక్షరాలతో డబ్బాను పోల్చుకోవడం, బిల్లు తీసుకోవడం, మూత సీలు తమ ముందే విప్పించడం. ఖాళీ అయిన డబ్బాను పాత సామాన్ల వాళ్లకు వేసేముందు లేబుల్ చింపి, డబ్బాకు ఒక చిల్లు పొడిచి ఇవ్వడం. నకిలీ ఆయిల్ నింపడానికి వాళ్లు వెతుక్కునేది చెక్కుచెదరని ఆ ఖాళీ డబ్బా కోసమే.